సిల్వర్ కార్నెట్‌లో పచ్చ సూపు

జెరేనియం మొక్క చచ్చిపోయిన వారమే ఎనోక్ సగ్డెన్ మీద నాకు అనుమానం మొదలైంది. ఆ కుండీ మా పబ్బులో అతను కూర్చునే కుర్చీ పక్కన, కిటికీ గట్టు మీద ఉండేది. నీళ్ళు నేనే పోస్తాను. మట్టి తడితడిగానే ఉంది, ఆకులు మాత్రం మాడి వేలాడుతున్నాయి. ఏమైందని ఎనోక్‌ని అడిగితే నా మొహం చూడకుండా, "వయసైపోయిందేమోలే" అన్నాడు. ముందటి వేసవిలో నేను నాటిన మొక్కకి వయసేమిటి?

మా పబ్బు పేరు బ్లాక్ రామ్. యార్క్‌షైర్ కొండ మీద, నూలు మిల్లులన్నీ మూతపడ్డ ఊళ్ళో ఇంకా తెరిచే ఉన్న రాతి కట్టడం. కింద నేలమాళిగలో పీపాలు, పైన బల్లలు, వెనక నా వంటగది. ప్రతి బుధవారం సాయంత్రం ఎనోక్ తన కాన్సర్టీనా, అదే రెండు చేతుల మధ్య నొక్కి వాయించే చిన్న హార్మోనియం లాంటిది, పెట్టెలో పెట్టుకుని వస్తాడు, వెనకే ఫిడేలు, వేణువు, డప్పు వాళ్ళు. వేదికా లేదు, ఎవరూ పిలిచిందీ లేదు. పొయ్యి చుట్టూ కూర్చుని ఏల్ బీరు తాగుతూ వాయిస్తారు. వినడానికి లోయలోంచి జనం ఎక్కి వస్తారు. మిగతా వారమంతా ఆ ఒక్క రోజు మీదే నడుస్తుంది. బుధవారం పోతే పబ్బు పోయినట్టే. ఆ గోడల్ని ఫ్లాట్లు చేసుకోవాలని చూసేవాళ్ళు ఊళ్ళో ఉండనే ఉన్నారు.

అందుకే నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూడటం మొదలుపెట్టాను. పింటు, అంటే నిండు పెద్ద గ్లాసు, తాగేవాళ్ళు సగం గ్లాసు అడుగుతున్నారు. ఫిడేలు వాయించే మార్జరీ బీరు మానేసి, సీసాల్లో వచ్చే ఆపిల్ సైడర్‌లోకి దిగిపోయింది. నేను పళ్ళేలు పట్టుకుని వస్తే మాటలు టక్కున ఆగిపోతున్నాయి. "ఏంటి, నా గురించేనా?" అంటే, "అబ్బే, వాన గురించి" అంటారు. బయట ఎండ కాస్తోంది.

మా కుక్క పికిల్ కూడా మారిపోయింది. బీరు పంపు కింద రాతి పలకల మీద కారిన చుక్కలు నాకడమే దాని ఉద్యోగం. ఇప్పుడు వాసన చూసి, ముక్కు విదిల్చి, పొయ్యి దగ్గర ముడుచుకుని పడుకుంటోంది. దానికి ఎవరో ఏదో పెట్టి మరిపిస్తున్నారని అనుకున్నాను.

బీరు సంగతి నేను చూసుకోవచ్చుగా అంటారేమో. నేను చాపెల్‌లో, అంటే తాగుడు పాపమనే చర్చిలో, పెరిగినదాన్ని. మద్యం ముట్టనని చిన్నప్పుడే ప్రమాణం చేశాను. పబ్బువాణ్ణి చేసుకున్నా ఆ మాట తప్పలేదు. నాకు బీరంతా ఒకటే కంపు. దాని బాగోగులన్నీ మా ఆయన క్లిఫ్ ముక్కుకే వదిలేశాను. లోయ మొత్తంలో ఆ ముక్కుకి పేరుంది. పీపా మూత దగ్గర ఒక్కసారి పీల్చి, రేపటికి సిద్ధమో ఎల్లుండికో చెప్పేవాడు.

చలికాలం చివర్లో ఒక బుధవారం ఎనోక్ తన గ్లాసు తెచ్చి పంపు దగ్గర పెట్టాడు. "ఇదోసారి చూస్తావా క్లిఫ్?" అన్నాడు. మా దగ్గర దీనికో పద్ధతుంది. గ్లాసు వెనక్కొస్తే పబ్బువాడు వాసన చూసి మారు మాట్లాడకుండా ఇంకోటి పోస్తాడు. క్లిఫ్ వాసన చూశాడు, గుటకేశాడు.

"బాగానే ఉంది. నీ నోరు కడుక్కో ముందు" అన్నాడు.

పబ్బంతా విన్నది. ఎనోక్ ఎర్రబడ్డాడు, గ్లాసు తీసుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ గ్లాసు వెనక్కి తేలేదు. నేను వంటగది గుమ్మంలోంచి చూస్తూ, వీడు మా దగ్గర వాయించడం మానెయ్యడానికి సాకు వెతుక్కుంటున్నాడని తేల్చేసుకున్నాను.

కసాయి భార్య గ్లాడిస్ వాళ్ళ కొట్లో నా అనుమానానికి ఇంకాస్త మంట పెట్టింది. "సోమవారం మధ్యాహ్నం మీ ఎనోక్‌ని సిల్వర్ కార్నెట్‌లో చూశాన్లే. పెట్టె కూడా ఉంది" అంది, మాంసం పొట్లం కడుతూ.

సిల్వర్ కార్నెట్ లోయలో కొత్తగా తెరిచిన పబ్బు. సోమవారం మాకు సెలవు. అంటే మా తలుపు మూసి ఉన్నప్పుడు అక్కడ బేరాలు నడుస్తున్నాయన్నమాట.

"ఈ సోమవారం అక్కడికి పోతున్నాం. భోజనానికి" అన్నాను క్లిఫ్‌తో.

"నాకెందుకే ఆ పబ్బావిడ తిండి? ఇంట్లో బాగానే ఉందిగా."

అక్కడ నాకు ఇంకో అనుమానం తగిలింది. ఈయన కూడా మారాడు. ఇదివరకు రోజుకి పదిసార్లు వంటగదిలోకి వచ్చి మూతలెత్తి వాసన చూసి నా చేత తిట్లు తినేవాడు. ఇప్పుడు గుమ్మం దాటడు. ఏది పెట్టినా "బాగుంది" అంటాడు. అలగడానికి నేనేం చేశానో నాకు తెలియదు, అడగడానికి నాకు పొగరు అడ్డం.

"నోరు మూసుకుని కోటు వేసుకో" అన్నాను.

సిల్వర్ కార్నెట్ బాగుంది. అదే నాకు నచ్చలేదు. గోడలనిండా పాత బ్యాండుల ఇత్తడి వాయిద్యాలు, తోమి తోమి మొహం కనబడేలా ఉన్నాయి. ట్రాంబోన్ మూతుల్లో దీపాలు పెట్టారు. గుమ్మం పక్కన పెద్ద ట్యూబాలో పూలు. వెనక రికార్డు మీద బ్యాండు మెల్లిగా మోగుతోంది. సోమవారం మధ్యాహ్నమే బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇంత జనం ఊరికే రారు, ఏదో మతలబుంది అనుకున్నాను.

పబ్బావిడ బెవర్లీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బ్లాక్ రామ్ వాళ్ళు కదూ మీరు? రండి తల్లీ, కిటికీ దగ్గర కూర్చోండి. క్లిఫ్ గారూ, మీరు మా ఏల్ తాగితే నాకు పరీక్ష రాసినట్టే." అంత తియ్యగా మాట్లాడేవాళ్ళంటే నాకు పడదు. నాకు టీ, క్లిఫ్‌కి పింటు తెచ్చింది. నేను పిండిలో మాంసం కూరి కాల్చిన వాళ్ళ 'పై' అడిగాను. క్లిఫ్ కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చాడు, గోడ మీద వంటల పలక చదవలేడు. "ఈరోజు సూపేదో అది తే" అన్నాడు.

గ్లాసు వెలుగుకి ఎత్తి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పుక్కిలించి మింగాడు. చుట్టూ బల్లలన్నీ ఆయన వైపే చూస్తున్నాయి. క్లిఫ్ కూడా వాళ్ళ మొహాలు చూశాడు. పక్క బల్ల మీద ముసలాయన కళ్ళు మూసుకుని తన గ్లాసు ఆస్వాదిస్తున్నాడు.

"బాగుంది" అన్నాడు క్లిఫ్ అప్పుడు.

ముందు మొహాలు చూసి, తర్వాత మాట చెప్పాడు. అది నా కంట పడింది గాని, ఏమిటో అర్థం కాలేదు.

సూపు వంటగది తలుపు దాటకముందే నాకు వాసన కొట్టింది. స్టిల్టన్. నీలి చారలు పారిన బూజు జున్ను. బ్రోకలీలో కరిగించి పోశారు. క్లిఫ్‌కి స్టిల్టన్ కంపంటే పరమ అసహ్యం. ఒక క్రిస్మస్‌కి మా చెల్లెలు ముక్క పంపిస్తే, మంచులో పెరటి గోడ మీద పెట్టి వచ్చి, నా చేతులు కడిగించి గాని పక్కన కూర్చోలేదు. ఇప్పుడు గిన్నె తోసేస్తాడు, బెవర్లీ మొహం చూడాలి అని నేను టీ కప్పు వెనక నవ్వు దాచుకుని కూర్చున్నాను.

క్లిఫ్ చెంచా ముంచాడు. తిన్నాడు. ఇంకో చెంచా తిన్నాడు. రొట్టె తుంచి అద్దుకున్నాడు.

ఓహో, ఈవిడ ముందు ఇంత మర్యాదా అనుకున్నాను. ఒళ్ళు మండింది. "ఎలా ఉంది?" అన్నాను.

"పరవాలేదు. బఠాణీ సూపు. ఉప్పు కొంచెం ఎక్కువైంది."

మొహంలో దాపరికం లేదు. మీసానికి పచ్చగా అంటుకుని ఉంది. బఠాణీ అనే అనుకుని తింటున్నాడు.

నేను కప్పు కింద పెట్టేశాను. మూతలెత్తడం ఎందుకు మానేశాడో, కుక్క ఎందుకు ముక్కు విదిలిస్తోందో, ఎనోక్ గ్లాసు ఎందుకు వెనక్కొచ్చిందో అన్నీ ఒక్కసారే తెలిశాయి. నేను ఊరంతా దొంగల్ని వెతికాను. దొంగలు ఎవరూ లేరు. చలికాలంలో పట్టిన జలుబుతో వాసన పోయినప్పటి నుంచి నా మొగుడు ఒంటరిగా, భయంగా కూర్చుని ఉన్నాడు, అంతే.

అంత జనంలో ఏమని అడగను? చెయ్యి చాచి ఆయన గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగాను.

"డోరీన్" అన్నాడు క్లిఫ్. చెంచా గాల్లోనే ఉండిపోయింది. "ఏం చేస్తున్నావే?"

"తాగుతున్నా."

ఆయన నా కళ్ళలోకి చూశాడు. గిన్నె వైపు చూశాడు. మళ్ళీ నా వైపు. తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. గొంతు తగ్గించి, "ఎలా ఉంది?" అన్నాడు.

"చేదు. చేదు కింద ఏదో ఉంది. నారింజ తొక్క ఒలిచినప్పటి వాసన. రొట్టె అడుగు మాడితే వస్తుందే, అది కూడా."

గ్లాసు అందుకుని ముక్కు దాకా ముంచాడు. పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. "నారింజా" అన్నాడు. "నాకు చల్లగా, చేదుగా ఉందని తప్ప ఏమీ తెలియట్లేదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"తిరిగొస్తుందనుకున్నా. ముక్కు పోయిన పబ్బువాడి దగ్గరికి ఎవడొస్తాడు?"

"మరి నా వంట? ఇన్నాళ్ళూ బాగుంది, బాగుంది అని అబద్ధాలా?"

"అబద్ధం కాదు" అన్నాడు. "నీ వంట ఎలా ఉంటుందో నాకు గుర్తుంది కదా. అది తలుచుకుని తింటున్నా."

నేను ఏడ్చాను. సిల్వర్ కార్నెట్‌లో, ట్రాంబోన్ దీపం కింద, అందరూ చూస్తుండగా ఏడ్చాను. నాకేం సిగ్గనిపించలేదు.

అప్పుడే తలుపు తోసుకుని ఎనోక్ వచ్చాడు, చేతిలో పెట్టె. మమ్మల్ని చూసి అక్కడికక్కడే వెనక్కి తిరిగాడు.

"ఎనోక్ సగ్డెన్, ఆగు. కూర్చో ఇక్కడ" అన్నాను.

కుర్చీ చివర్న కూర్చున్నాడు. "నేనిక్కడ వాయించట్లేదు. ప్రమాణపూర్తిగా. బెవర్లీ అడుగుతూనే ఉంది. ఇవాళ వాయిద్దామని పెట్టె తెస్తా. మూత తియ్యబుద్ధి కాదు. ఒక పింటు తాగి వెళ్ళిపోతా."

"మా బీరుకేమైందో చెప్పు."

క్లిఫ్ వైపు చూశాడు. "బాగుందన్నాడు కదా ఆయన."

"నువ్వేమంటావని అడుగుతున్నా."

"క్లిఫ్ బాగుందంటే బాగున్నట్టే కదా. నా నోరే చెడిందనుకున్నా. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళా. నాలుక చాపమన్నాడు, చాపా. మార్జరీ కూడా వెళ్ళిందట, నాకు చెప్పలేదు."

"మా జెరేనియం?"

ఎనోక్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "తాగలేక అందులో పోసేవాణ్ణి. నీ మొహం ముందు గ్లాసు నిండుగా వదిలెయ్యలేక."

క్లిఫ్ తల దించుకుని సూపు గిన్నె చూస్తూ, "ఇంతకీ ఇదేం సూపు?" అన్నాడు. నేను చెప్పాను. ఎనోక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. క్లిఫ్ కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున తలుపు తీయకముందే క్లిఫ్ మా పంపులన్నిటి నుంచీ కొంచెం కొంచెం పట్టి నా ముందు పెట్టాడు. మొదటిది నోట్లో పెట్టుకుని సింకులో ఊశాను. "గిన్నెలు తుడిచే గుడ్డ. మూడు రోజులు ఉతకనిది" అన్నాను. రెండోదీ అంతే. మూడోది చెప్పనక్కర్లేదు. ఇదివరకు పైపులు మురికి పట్టినా, పీపా పాతబడినా ముక్కే చెప్పేది ఆయనకి. ముక్కు చెప్పడం మానేశాక, జనం తాగడం తగ్గించాక, ఉన్న పీపాలే కుళ్ళుతూ కూర్చున్నాయి.

మా పంపు పిడులకి ఏల్ పేరు రాసిన బిళ్ళలుంటాయి. ఆ ఏల్ లేదని చెప్పాలంటే బిళ్ళని గోడవైపు తిప్పుతాం. క్లిఫ్ ఒక్కో బిళ్ళా తిప్పాడు. పీపాలన్నీ పారబోసి, సాయంత్రం దాకా పైపులు కడిగాడు.

బుధవారం వాయించేవాళ్ళు వచ్చి, వీపు తిప్పిన బిళ్ళల్ని చూసి నిలబడిపోయారు. అన్ని బిళ్ళలూ ఒకేసారి తిరగడం ఆ పబ్బులో ఎవరూ చూడలేదు.

"నా ముక్కు పోయింది" అన్నాడు క్లిఫ్, గట్టిగా, అందరికీ. "ఎనోక్, నిన్ను నోరు కడుక్కోమన్నాను. కడుక్కోవాల్సింది నా పైపులు. ఇవాళ టీ ఒక్కటే ఉంది."

ఎనోక్ తన కుర్చీలో కూర్చుని, "నాకు చక్కెర రెండు చెంచాలు, డోరీన్" అని పెట్టె మూత తీశాడు.

కొత్త పీపాలు వచ్చి, కుదురుకుని, మరుసటి బుధవారానికి సిద్ధమయ్యాయి. సిద్ధమయ్యాయని క్లిఫ్ అనలేదు. చిన్న గ్లాసులో పట్టి నా ముందు పెట్టి నిలబడ్డాడు. చిన్నప్పుడు చేసిన ప్రమాణం తలుచుకున్నాను. దేవుడు మా నేలమాళిగలోకి వచ్చి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు.

తాగాను. "ఎండుగడ్డి వాసన. తేనె కొంచెం. గుడ్డ లేదు."

పంపు పిడి నుంచి కొన్ని చుక్కలు రాతి పలక మీద పడ్డాయి. పొయ్యి దగ్గర పికిల్ తలెత్తింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, నింపాదిగా వచ్చి వాసన చూసింది. నాకింది. ఇంకా ఉన్నాయేమోనని పైకి చూసింది.

క్లిఫ్ కుక్కని చూశాడు, నన్ను చూశాడు. "ఇద్దరిదీ ఒకటే మాటా?"

"ఒకటే మాట" అన్నాను.

ఆయన బిళ్ళని ముందుకి తిప్పాడు.