చేపలకూ సంవత్సరీకం

మా ఆయన రాహుల్ పోయి ఏడాది నిండిన రోజున నేనొక తెలివితక్కువ పని చేశాను. ఊళ్ళోవాళ్ళకు భోజనాలు పెట్టాం, కాకులకూ పెట్టాం. ఆయన ప్రాణంగా పెంచిన చేపలు మాత్రం ఏం పాపం చేశాయనిపించింది. ముదినేపల్లి దగ్గర మా చెరువులో కర్రలకు రోజూ వేలాడగట్టే మేత సంచులకు రెట్టింపు కట్టించాను. పైన చూస్తే ముసురు. మబ్బు పట్టినప్పుడు నీళ్ళలో గాలి చాలదని, మేత తగ్గించకపోతే చేపలు ఊపిరాడక చస్తాయని మా వైపు పసిపిల్లాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసే కట్టించాను. దుఃఖానికి బుద్ధి ఎక్కడిది?

మర్నాడే బాబ్జీ గారు రావాలి. చెరువును ఆయనకు లీజుకిచ్చేద్దామని మా మావయ్య పిచ్చేశ్వరరావు గారు నిశ్చయించారు. "ఒంటరిదానివి, గట్ల మీద ఈ తిప్పలు నీకెందుకమ్మా?" అన్నారు. అందులో ప్రేమే ఉంది, కాదనను. కొడుకు పోయాక ఆయన చెరువు మొహమే చూడలేదు. నేనూ సరేనన్నాను. ఇన్నాళ్ళూ రాహుల్ కోసం చూసుకున్నాను గానీ, అందులో నాదంటూ ఏముంది అనుకున్నాను.

పొద్దున్నే వెళ్ళేసరికి బొచ్చె చేపలూ శీలావతులూ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరేటర్లు వేస్తే ఒక్కటే తిరిగింది. అప్పుడే మావయ్య, బాబ్జీ గారూ కారు దిగారు.

"మావయ్యా, ఇంజన్ వేయండి! చెరువు నీళ్ళు చెరువులోకే కొట్టించండి, గాలి కలుస్తుంది, త్వరగా!" అని అరిచాను. ఆయన ముందు గొంతెత్తడం అదే మొదలు. ఆయన పంచె ఎగ్గట్టి పరుగెత్తారు. నేను పడవెక్కి, మిగిలిన మేత కుళ్ళకుండా సంచులన్నీ కోసి పడవలో పడేశాను. పడవ నడపడం నాకు సరిగ్గా రాదు. రెండుసార్లు గట్టుకు గుద్దాను.

"కాసేపు ఓర్చుకోండర్రా, గాలి వచ్చేస్తోంది" అని చేపలను బతిమాలుకున్నాను.

మబ్బు విడిచి ఎండ వచ్చేసరికి చేపలు మెల్లగా లోపలికి దిగాయి. కొన్ని చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. వాటిని చూసి భోరున ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా తట్టింది, పొద్దుటి నుంచీ రాహుల్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదని. భయపడిందీ ఏడ్చిందీ చేపల కోసమే. ముందు సిగ్గేసింది. తర్వాత, చాలా కాలానికి, బతికున్నాననిపించింది.

బాబ్జీ గారు గొంతు సవరించుకున్నారు. "చూశారుగా పిచ్చేశ్వరరావు గారూ. ఆడవాళ్ళ వల్లయ్యే పని కాదండీ ఇది. ఇవాళే మాట ఖాయం చేసుకుందాం."

మావయ్య చేతులకు అంటిన ఆయిల్ తుడుచుకుంటూ నా వైపు చూశారు. "నన్నడుగుతారేంటండీ? మా పూర్ణిమ అక్కడుంది, అడగండి."

"ఇవ్వనండీ" అన్నాను. "నిన్న తప్పు చేశాను. ముందు ముందు ఇంకా చేస్తానేమో. అయినా ఇవ్వను. ఇది నా చెరువు."