కర్రి దవడ

బస్తరు రాజుల కాలం. పామేడు అవతల ఆ ఊళ్లో ఎవరికీ తుపాకి లేదు. భూషణం జొన్నచేనులో పందులు పడితే అతని నల్లకుక్క కర్రి అరవాలి, అదే తరమాలి.

ఆ ఏడు కర్రి కింది దవడ మీద ఉసిరికాయంత వాపు లేచింది. చీముగడ్డ అనుకుని భూషణం కాల్చిన ముల్లుతో పొడిచాడు. చీము రాలేదు. నూనె రంగు నీళ్లు కారాయి. వాపు దిగింది. వానలు వెనకపట్టేసరికి మళ్లీ లేచింది, ఈసారి నిమ్మకాయంత. నొక్కితే లోపల గుడ్డుపెంకు చిట్లినట్టు చిటచిటమంది.

"జగదల్‌పూరు తోలుకపో బావా, రాజుగారి గుర్రాల డాక్టరుంటడంట. సూస్తడు," అని పక్కచేను హడ్మా నవ్వాడు.

"నాకు జరమొస్తేనే దిక్కు లేదు, కుక్కకా?" భూషణం కూడా నవ్వాడు.

ఊరంతా వేటకు పోయి కణుజును కొట్టిన నాడు కర్రి వాటాకు ఒక కాలి ఎముక వచ్చింది. అది గట్టిగా కొరికింది. ఫట్టుమని విరిగింది ఆ ఎముక కాదు, దవడ.

మర్నాడు పొద్దున వాగు దగ్గర ఆడవాళ్లు దాన్ని చూశారు. నోరు వేలాడుతోంది. సొంగ కారుతోంది. నీళ్లలో మూతి పెడుతుంది, తాగలేక తీసేస్తుంది.

"పిచ్చికుక్క!" కడవలు వదిలేసి పరుగెత్తారు.

భూషణం వచ్చేసరికి హడ్మా విల్లు ఎక్కుపెట్టి ఉన్నాడు.

"ఆగురా. పిచ్చి గాదు, దవడ ఇరిగింది."

"సొంగ కారుతుంది, నీళ్లు తాగుతలేదు. ఇంకేంది బావా? జరుగు."

భూషణం జరగలేదు. కుక్క ముందు గొంతుక్కూర్చుని నోట్లో చెయ్యి పెట్టాడు. దవడ ఎముక లోపల వెదురుగొట్టంలా డొల్ల. ఆ డొల్లలో, బయటికి రాని పన్నొకటి అడ్డంగా పడుకుని వేలికి తగిలింది. కర్రి మూలిగింది. కరవలేదు. చెయ్యి తీసి అందరికీ చూపించాడు. సొంగ ఉంది, నెత్తురుంది, గాటు లేదు.

హడ్మా విల్లు దించాడు. జనం మాత్రం వెనక్కి జరిగారు, ఈసారి భూషణం దగ్గర్నుంచి.

జావ కాచి దొన్నెతో దాని నోట్లో పోసేవాడు. పోసింది పోసినట్టే పక్కనుంచి కారిపోయేది. పక్కటెముకలు తేలాయి. విరిగినచోట పురుగులు పడ్డాయి. చేలో పందుల అలికిడికి లేవబోయేది. గొంతులోంచి గాలి వచ్చేది తప్ప అరుపు వచ్చేది కాదు.

ఒకనాడు భూషణం హడ్మా ఇంటి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"విల్లు తీస్కొని రా."

హడ్మా అతని మొహంలోకి చూశాడు. "ఆనాడు నువ్వే గదా అడ్డం పడ్డవు."

"ఊఁ."

చేనుగట్టున ఒక్క బాణంతో అయిపోయింది. గుంట భూషణమే తవ్వాడు.

ఇంటికొచ్చేసరికి సంగతి ముందే చేరింది. భార్య బుల్లమ్మ అంబలి దొన్నె అరుగు చివర పెట్టి, అతను అందుకునేలోపే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అది పిచ్చిది గాదే," అన్నాడు.

"గాకపోతే సంపిచ్చినవెందుకు?"

భూషణం దొన్నె ఎత్తుకుని బయటే కూర్చున్నాడు. తాగలేదు.