అట్టమీద పొట్టేలు

జనార్దనం సారుకు ఖాళీ కాగితం కనపడితే చెయ్యి ఊరుకోదు. ఉద్యోగం విరమించిన తెలుగు పంతులు ఆయన. ప్రొద్దుటూరు నుంచి మూడు నెలలకోసారి 'మేత' అనే పత్రిక తెస్తారు. గొర్రెలూ మేకలూ సాకేవాళ్ల కోసం. జబ్బులు, మందులు, మేతచెట్లు, సంత కబుర్లు అన్నీ అందులో ఉంటాయి. ఉండటమంటే అలా ఇలా కాదు, జాతరకు పోయే బస్సులో జనం ఉన్నట్టుంటాయి. లోపలి శీర్షికలన్నీ అట్టమీదే. మార్జిన్లలో హితబోధ. ఎక్కడైనా అరంగుళం మిగిలిందా, అప్పటికప్పుడు ఓ పద్యం అల్లి అక్కడ కుక్కేసేవారు. అంత విషయమున్న పత్రికను మొదటి నుంచి చివరిదాకా చదివేది ఎవరయ్యా అంటే, ఆయనొక్కరే.

జమ్మలమడుగుకూ పులివెందులకూ పంపిన కట్టలు కట్టిన పురికొస విప్పకుండానే తిరిగొచ్చేవి. చివరికి సారుకే విసుగొచ్చింది. అమీర్ బాషా ప్రెస్సులో కూర్చుని, "వచ్చే సంచికతో ఆపేస్తా బాషా. చదివేవాళ్లు లేనప్పుడు ఎవరి కోసం?" అన్నారు.

ఆ మాట కంప్యూటరు ముందున్న రేణుక చెవిన పడింది. పెళ్లి పత్రికలూ ఫ్లెక్సీలూ తయారుచేసే పని ఆమెది. కడపలో డిజైనింగ్ నేర్చుకుంది. సొంతూరు వీరపునాయునిపల్లె దగ్గర. తల్లి అంకాలమ్మా తమ్ముడు ప్రతాప్ ఇప్పటికీ మంద వెంటే తిరుగుతారు. 'మేత' వచ్చేది తనవాళ్ల కోసమే. అయినా వాళ్లమ్మ ఒక్కనాడూ దాన్ని చేత్తో పట్టుకోలేదు. అది తలచుకుంటే రేణుకకు కడుపు మండేది.

"సార్, ఆపేదే అయితే ఈ ఒక్క సంచిక నాకొదిలేయండి. ఈసారి కూడా కట్టలు తిరిగొస్తే నేనే ఆపేయమంటా" అంది.

సారు ఒప్పుకున్నారు గానీ ప్రూఫులు చూసి గుండె బాదుకున్నారు. "ఇంత తెలుపు ఏందమ్మాయ్! అచ్చు పడలేదనుకుంటారు జనం!"

"మందను ఇరుకు దొడ్లోకి తోలితే ఏ గొర్రె ఏదో మీకు తెలుస్తాదా సార్? చుట్టూ చోటుంటేనే కదా కంటికి ఆనేది."

 సారు తన పద్యాలన్నీ ఎగిరిపోయినందుకు రెండు రోజులు టీ మానేసి అలిగారు.

అట్టమీద రేణుక ఒక్కటే బొమ్మ పెట్టింది. ప్రతాప్ తీసిన ఫోటో, తమ మందలోని పొట్టేలు. కింద సన్నగా తమ్ముడి పేరు. చుట్టూ అంతా తెలుపు. పైన ఎర్రటి అక్షరాల్లో 'మేత'. అంతా కుదిరింది గానీ పొట్టేలు నడుం మీదున్న నీలం పట్టె మాత్రం ఎర్రపేరుతో తగువు పెట్టుకుంది. నీలాన్ని చెరిపి, కుడి జబ్బ మీద ఎర్రటి గుండ్రం పెట్టి చూసింది. అబ్బ, ఎంత బాగా కుదిరిందో! పేరూ బొమ్మా ఒకదాన్నొకటి పిలుచుకున్నట్టుంది. గొర్రెల దొడ్డి పక్కన పుట్టి పెరిగిన పిల్ల ఆ పని చేయకూడదు. కానీ ఆ పూట ఆమె డిజైనరే గానీ అంకాలమ్మ కూతురు కాదు.

పత్రిక అంగళ్లకు చేరింది. ఆ వారంలోనే ఒక పెద్దమనిషి 'మేత' చేత్తో పట్టుకుని ప్రెస్సులోకి వచ్చాడు. కొండాపురం కాలనీలో ఉండే సంజీవయ్య. పత్రికను మెచ్చుకోవడానికి ఇంతదూరం వచ్చిన మొదటి మనిషి ఇతనే అనుకుని అమీర్ బాషా కుర్చీ వేసి టీ చెప్పాడు.

"బొమ్మ బాగుండాదా మామా?" అని రేణుక మురిపెంగా అడిగింది.

"బాగుండక? నా పొట్టేలది! యాడ దాచినారో చెప్పండి ముందు!"

రేణుక అట్టకేసి మళ్లీ చూసింది. ఆ తట్టు ప్రతి మందకూ ఒక రంగు, ఒంటిమీద ఒక చోటు ఉంటాయి. దారిలో రెండు మందలు కలిస్తే ఆ గుర్తు చూసే విడదీసుకుంటారు. ఎవరి గుర్తు ఇంకొకరు వేసుకోరు. కుడి జబ్బ మీద ఎర్రగుండ్రం సంజీవయ్య వాళ్లది.

"ఎండాకాలంలో పులివెందుల దిక్కు మందను తోలుకపోయినప్పుడు తప్పిపోయింది. తల్లి చచ్చిపోతే సీసాపాలు పోసి సాకినా దాన్ని. ఈ ప్రతాప్ అనేటోడు ఎవడు? ఫోటో కింద వాని పేరుంది. వాడే కొట్టేసినాడని జమ్మలమడుగు బస్టాండులో అందురూ అంటాండారు" అన్నాడు సంజీవయ్య.

తమ్ముడికి దొంగ పేరు!  రేణుక గబగబా కంప్యూటర్లో అసలు ఫోటో తెరిచింది. నడుం మీద నీలం పట్టె.

సంజీవయ్య చాలాసేపు చూశాడు. కోపమంతా దిగిపోయి గొంతు చిన్నదైంది. "అయితే ఇది నాది కాదా?"

"కాదు మామా. గుర్తు నేనే మార్చినా."

"ఎందుకు పాపా?"

"రంగు... పైన పేరుకు కుదరల్యా."

ఆ మాట తన చెవులకే సిగ్గుగా వినపడింది. సంజీవయ్య లేచాడు. "మాకది సోకుకు పెట్టుకున్న బొట్టు కాదమ్మా, ఇంటిపేరు. దొరికిందని మా ఇంటిదానికి చెప్పి వచ్చినా. ఇప్పుడు పోయి ఏం చెప్పాల?" అన్నాడు. టీ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

జమ్మలమడుగులో ఒక్క ప్రతీ మిగల్లేదని అంగడి నుంచి ఫోనొచ్చింది. సంజీవయ్య చేసిన గొడవకు జనం ఎగబడి కొన్నారట. సారు సంతోషించలేదు. "ఒకరి మీద దొంగ ముద్ర వేసి అమ్ముడుపోయే పత్రిక నాకొద్దు. పులివెందుల కట్ట వెనక్కి తెప్పించు. ఇంతటితో చాలు" అన్నారు.  మర్నాడు పొద్దున్నే ఆ కట్ట తేవడానికి రేణుక తనే బస్సెక్కింది. దారంతా ఏడుపు దిగమింగుకుంటూనే ఉంది.

పులివెందులలో హఫీజా అనే ఆమె పుస్తకాల అంగడి నడుపుతుంది. రేణుకను చూడగానే, "ప్రెస్సోళ్లా? మంచి టయానికొచ్చినారు. ఈమె పొద్దున్నుంచి మీ నంబరు కోసం నా పానం తీస్తాంది" అని పక్కనున్న మనిషిని చూపించింది.

ఆమె పేరు మల్లిక. గొర్రెలు సాకే ఇంటి మనిషే. పత్రిక అట్టమీద వేలు పెట్టి చూపించింది. "అక్కా, ఈ ఎర్రగుండ్రం ఎవురిది? ఎండాకాలంలో ఇదే గుర్తుతో ఒక పొట్టేలు మా మందలో కలిసింది. గుర్తున్న జీవాన్ని అమ్ముకోకూడదు కదా, సాకుతాండాం. సంతలో అడిగినాం, ఎవురూ చెప్పల్యా."

 "మా పత్రిక చదువుతుంటారా?" అని రేణుక అడిగింది.

"సదువు యాడిది మాకు! బస్సు ఈడ మలుపు తిరుగుతాంటే కిటికీలోంచి కనపడింది. ఇన్ని పుస్తకాల మధ్య అదొక్కటే తెల్లగా ఉండాది, మధ్యలో పొట్టేలు. బస్సు ఆపించి దిగినా."

రేణుక దిగమింగుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటపడింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే సంజీవయ్యకు ఫోను చేసింది. తర్వాత సారుకు.  "చదువురాని మనిషి... బస్సులోంచి చదివిందా నా పత్రికను!" అన్నారు సారు అంతా విని. మళ్లీ గొంతు సవరించుకుని, "వచ్చే సంచిక అట్టకు ఏమనుకుంటున్నావ్?" అన్నారు.

మధ్యాహ్నానికల్లా సంజీవయ్య మల్లిక వాళ్ల దొడ్డి దగ్గరికి చేరాడు. పిలవకముందే పొట్టేలు వచ్చి ఆయన పంచె నమలడం మొదలుపెట్టింది. దాని జబ్బ మీద రంగు వెలిసి, దగ్గరగా చూస్తేగానీ తెలియకుండా ఉంది. ఆయన దాని మెడ పట్టుకుని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చాడు. చూసేవాళ్లకూ కళ్లు చెమ్మగిల్లాయి.

రేణుక ఫోను తీసి ఇద్దరినీ ఫోటో తీసింది. "మామా, ఇది అట్టమీద వేస్తా. గుర్తు జోలికి మాత్రం పోను."

సంజీవయ్య కళ్లు తుడుచుకుని, ఫోనులో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుర్తు వెలిసిపోతే పోనీలే, మళ్లీ వేసుకుంటా. నన్ను తీసేసి ఆడ తెల్లగా చోటొదులు పాపా. ఇంకా ఎవురి జీవమన్నా తప్పిపోయింటే దాని గుర్తు ఆ తెలుపులో బస్సులో వాళ్లకు కనపడాల కదా" అన్నాడు.