గరుకు పని

గేటు దగ్గరి హాజరు మిషను ఆ ఉదయం కూడా ఆమె బొటనవేలిని ఒప్పుకోలేదు. ఎర్రదీపం వెలిగింది. వేలికి నోటి ఆవిరి పట్టించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. ఏళ్ల తరబడి ఇసుకలాంటి ఉక్కు రవ్వ చేతితొడుగుల్లోకి దూరి ఆమె వేళ్ళ మీది గీతలన్నీ అరగదీసేసింది.

వాచ్‌మన్ ఆవులిస్తూ లేచి మీట నొక్కాడు. "ఇసుకమ్మా, దొంగతనం చేసినా దొరకని వేళ్ళమ్మా నీవి."

"దొంగిలించడానికి ఇక్కడేముంది బాబాయ్, అరిగిపోయిన ఇనుము తప్ప?" అని ఆమె లోపలికి నడిచింది.

అరిగిన షాఫ్టులకు మళ్ళీ ఒళ్ళు తెచ్చే వర్క్‌షాపు అది. పంపులవీ, మిల్లులవీ, ఎక్కడెక్కడివో వస్తాయి. అరిగిన చోటును ముందు లేతు మీద చెక్కుతారు. తరువాత పని ఆమెది. నూనె జాడ లేకుండా కడగాలి, కాచాలి. లోహపు రంధ్రాల్లో దాక్కున్న జిడ్డు చెమటలా పైకి తేలితే మళ్ళీ తుడవాలి. ఆపైన తన గదిలోకి తోయించుకుని, ముసుగు తగిలించుకుని, గాలి గొట్టంతో ఉక్కు రవ్వను కొట్టాలి. తళతళలాడే ఇనుము కాసేపటికి వెలిసిపోయి బూడిదరంగుకు దిగుతుంది. ఆ గరుకు మీద ఆమె అన్నయ్య గన్ను పట్టి, కరిగిన లోహాన్ని తుంపరలుగా పొర మీద పొర కొట్టి, పోయిన లావును తిరిగి తెస్తాడు.

ఆ పూత ఇనుములో కరిగి కలిసిపోదు. గరుకును పట్టుకుని వేలాడుతుంది, అంతే. ఒట్టి చెయ్యి తగిలితే ఆ చెమట మేరకు పట్టు దొరకదు. అందుకే ఆమె గదిలోంచి వచ్చిన షాఫ్టును ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, "చెయ్యి!" అని కేక పెట్టేది. ఆ ఒక్క మాటకు మాత్రం అక్కడ అందరూ ఉలిక్కిపడి వెనక్కు తగ్గేవారు. మిగతా సమయాల్లో ఆమె ఉందో లేదో ఎవరికీ పట్టేది కాదు. పొద్దున్నుంచీ ఆమె చేసినదంతా సాయంత్రానికి పూత కిందికి పోయేది. వచ్చినవాళ్ళు పూతను చూసి అన్నయ్య భుజం తట్టేవారు. ఆమె దానికి నొచ్చుకోలేదు. అన్నయ్యకు పేరొస్తే తనకొచ్చినట్టే అనుకునేది.

అలా అనుకోవడానికి కారణం ఉంది. భర్త ఇంకో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయిన ఏడు, ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చిందీ, ఈ పనిలో పెట్టించిందీ అన్నయ్యే. తన ఇంటి వెనక గది ఇచ్చాడు. వదిన చెడ్డదేమీ కాదు. వేళకు అన్నం పెట్టేది, మాట మాత్రం కలిపేది కాదు. "మా ఆడపడుచు మా దగ్గరే ఉంటుంది" అని పక్కింటివాళ్ళకు చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త పెంచేది.

ఆ రోజు ఆమె గది ముందు, దిమ్మెల మీద, తిరిగొచ్చిన షాఫ్టు ఒకటి పడుంది. పంపుహౌసుది. పూత ఒకచోట పెచ్చులుగా లేచిపోయింది. లేచిన చోటు చూస్తే గుడ్డివాడైనా చెప్పగలడు. ఒక అరచెయ్యి, దాని పైన నాలుగు వేళ్ళు.

లేతు మనిషి వంగి చూసి పళ్ళ సందున ఈల వేశాడు. "ఉంగరం గుర్తొక్కటే తక్కువ," అన్నాడు మెల్లగా. అని, అటూ ఇటూ చూసి, తన లేతు దగ్గరికి పోయి తలొంచుకున్నాడు.

ఆ చెయ్యి ఎవరిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఓనరు తన చుట్టాలకు షాపు తిప్పి చూపించిన రోజు, అప్పుడే గదిలోంచి వచ్చిన ఆ షాఫ్టు మీద, వేలికి ఉంగరమున్న తన అరచెయ్యి ఆనించి, "ఎంత గరుకో చూడండి" అన్నాడు. ఆమె అలవాటు చొప్పున కేక పెట్టింది. చుట్టాలు నవ్వారు. మళ్ళీ రవ్వ కొడతానంటే, "లారీ బయట నిలబడి ఉంది, ఏం కాదు పో" అన్నాడు ఓనరు. అన్నయ్య గన్ను వెలిగించుకుని చూస్తూనే ఉన్నాడు. చూసినవాడే పూత కొట్టాడు.

టీ వేళకు అన్నయ్య రెండు గ్లాసులు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె గ్లాసు ఎప్పుడూ ఆమే తెచ్చుకునేది.

"పంపుహౌసు ఇంజనీరు వస్తున్నాడు," అన్నాడు.

"విన్నాను."

"ఎవరో ఒకరు ఒప్పుకోవాలంటున్నాడు ఓనరు. పూత నాది కదమ్మా. నా మీదికొస్తే ఇల్లేం కావాలి? పిల్ల చదువేం కావాలి? నువ్వున్నావు..."

"ఆ చెయ్యి ఎవరిదో నీకు తెలుసు కదా అన్నయ్యా."

అతను టీలోకి చూశాడు. "తెలుసు."

"మరి చెప్పవా?"

"ఎవరికి చెప్పను? ఆయన చెయ్యే అని ఆయన ముందే చెప్పనా? నువ్వు తొడుగు తీసి ముట్టుకున్నానని ఒక్క మాట అను. నాలుగు చివాట్లు పెట్టి వదిలేస్తానన్నాడు. నాతోనే అన్నాడు."

"గేటు దగ్గర మిషనుకే అంటదు నా వేలు. ఆ ఇనుముకి అంటిందని చెప్పమంటావా?"

అన్నయ్య నవ్వలేదు. "ఆడదానివి. నిన్నెవరూ ఏమీ అనరులే," అన్నాడు. గ్లాసు ఖాళీ అయినా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమెకు అతని మెడ వెనక తెల్లవెంట్రుకలు కనిపించాయి. నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు కనిపించాయి. చేయి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి.

"సరేలే," అంది.

ఓనరు గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇంజనీరు నెమ్మదస్తుడే. కాగితాల్లోంచి తలెత్తకుండా, "మీరేనా ముట్టుకుంది?" అని అడిగాడు.

"నేనే సార్. పొరపాటైంది."

ఓనరు అరచెయ్యి బల్ల అద్దం మీద ఆనించి ఉంది. "ఇలాంటివాళ్ళను పెట్టుకోవడం మా బుద్ధితక్కువ. ఈ రోజుతో ఈమె ఉండదు సార్," అన్నాడు.

ఆమె గుమ్మం వైపు చూసింది. అక్కడ నిలబడ్డ అన్నయ్య ఫ్యాను వైపు చూస్తున్నాడు. నాలుగు చివాట్లన్నాడు, ఒక్కటైనా పడలేదు. చివాట్లు రేపు కూడా పనిలోకి వచ్చేవాళ్ళకు పెడతారు.

ఇంజనీరు వెళ్ళాక ఓనరు ఆమెను వెనక్కు పిలిచాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఆ షాఫ్టు ఇవాళే పోవాలి. ఊడిందంతా తీసేసి, రవ్వ కొట్టి మరీ వెళ్ళు. కొత్తవాడు వచ్చేది రేపు కదా."

"ఎవరు సార్?"

"మీ వదిన తమ్ముడే. నీకు తెలియదా? మీ అన్న మొన్నే మాట్లాడి పెట్టాడు. కుర్రాడు చురుగ్గానే ఉన్నాడు, నేర్చుకుంటాడులే."

ఇంట్లో వెనక గదిలో ఉన్న తన పెట్టెను నిన్న వదిన ఎందుకు పక్కకు జరిపించిందో అప్పుడు అర్థమైంది. నేల తుడవడానికని చెప్పింది.

ముసుగు తగిలించుకుని గది తలుపు మూసుకుంది. లోపల ఎంత ఏడ్చినా బయటికి వినిపించదు. ఆమె ఏడవలేదు. గొట్టం పట్టుకుని, పాత పూతను మూలమూలల నుంచీ లేపేసింది. వేళ్ళ గుర్తులు పోయాయి. జిడ్డు తుడిచి, మళ్ళీ కొట్టింది. షాఫ్టు చుట్టూ నడుస్తూ, ఏ వైపునుంచి చూసినా ఒక్క మెరుపైనా తగలకుండా, అంతా ఒకే బూడిదరంగుకు తెచ్చింది. అంత శుభ్రంగా ఎన్నడూ చేయలేదేమో. చేతకానిదనిపించుకుని పోతున్న రోజున చేసింది.

షాఫ్టును బయటికి తోయించేసరికి అన్నయ్య గన్ను దగ్గర్నుంచి వచ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి కాబోలు, తొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు తెలియదమ్మా ఇలా అంటాడని," అన్నాడు.

ఆమె ముసుగు విప్పి దులుపుకుంది.

"మీ వదిన పోరు పెట్టింది. రోజూ అదే గొడవ. నేనేం చెయ్యను?" కాస్త ముందుకు వంగి, పక్కనున్న దాన్ని ఆసరా చేసుకున్నాడు. అది షాఫ్టు. అరచెయ్యి మొత్తం ఆనింది. అతను ఆమె ముఖం వైపే చూస్తున్నాడు తప్ప చెయ్యి ఎక్కడుందో చూసుకోలేదు.

ఆమె చూసింది. బూడిదరంగు మీద చెమట పట్టిన ఆ వేళ్ళను చూసింది. కేక గొంతు దాకా వచ్చింది. కొలిమిలాంటి ఆ షెడ్డులో ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా ఆపుకోలేని కేక. దాన్ని మింగేసింది.

"వస్తాను అన్నయ్యా," అంది.

"ఇంటికేగా?"

ఆమె తల ఊపలేదు. ఆ ఊపనిదాన్ని అతను అవుననే తీసుకుని, ఊరట పడి, తొడుగులు వేసుకుని గన్ను వెలిగించాడు. తెల్లటి మంట కూసింది. షాఫ్టు తిరగడం మొదలైంది. మొదటి పొర అందంగా, ఒకే తీరుగా పరుచుకుంటోంది. లేతు మనిషి ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

ఆమె గేటు దాటి, ఇంటికి పోయే బస్సు ఆగే వైపు కాకుండా, రెండో వైపు నడిచింది. వాచ్‌మన్, "అటెక్కడికమ్మా?" అన్నాడు. వినిపించలేదేమో, వెనక్కి తిరగలేదు.

రవ్వ గది గుమ్మం పక్కన ఆమె బూట్లు మిగిలాయి. షాపులో ఆడవాళ్ళ కొలతలు ఎప్పుడూ తెప్పించలేదు కనుక మగవాళ్ళవే ఇచ్చారు. ఒకటి పక్కకు ఒరిగి ఉంది, దాని ముందుభాగంలో పాదం చాలని మేర కుక్కిన పాతగుడ్డ ఇంకా తడిగానే ఉంది.