గంప కింద కౌజు పిట్టలు

అప్పు తెచ్చిన నూనెతో దీపం వెలిగిస్తే ఆ పుణ్యం ఎవరిది? చాలా ఏళ్లుగా నాకీ సందేహం ఉంది.

ఒక కార్తీక పౌర్ణమి నాడు బంద్ జరిగి ఖిదిర్‌పూర్‌లో దుకాణాలన్నీ మూసేశారు. మా ఇంట్లో నూనె చుక్క లేదు. మా ఓడల డాకు క్వార్టర్ల వెనక బస్తీలో ఉండే సన్యాసమ్మప్ప తన వంటకు ఉంచుకున్న నువ్వుల నూనె సీసా తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. మర్నాడు సీసా నింపి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"దీపానికిచ్చిన నూనె ఎనక్కి తీసుకుంటారేటి తమ్ముడా, కళ్లు పోవూ?" అంది.

ఆ తరవాత ఎప్పుడు ఇవ్వబోయినా అదే మాట. పూజారిగారిని అడిగితే పుణ్యం ఇద్దరిదీ అన్నారు. చెరిసగమా, చెరొక పూర్తి పుణ్యమా అని అడుగుదామనుకున్నాను గాని, ఆయనకి ఇంకో ఇంట్లో వ్రతం ఉంది.

మా గవరయ్య బావకి మాత్రం దేనిమీదా సందేహం ఉండదు. శ్రీకాకుళం వైపు నుంచి డాకులో మోతపనికి వచ్చాడు. యూనియన్ ఆఫీసులో కుర్చీ దొరకగానే మోత మానేశాడు. అప్పటి నుంచి మేమంతా అతన్ని, బెంగాలీలు అన్నని పిలిచినట్టు, 'గవర్ దా' అని పిలవాలి. పిలిస్తే పలుకుతాడు, పిలవకపోతే మీటింగులో మన పేరు పలుకుతాడు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక, పేట సమితి తరఫున విధవలకి కౌజు పిట్టలు పంచారు. పంచినవాడు గవరయ్యే. మనిషికొక ఇనప వల పంజరం, అందులో నెల వయసు ఆడపిట్టలు. అతని మరదలు జగ్గమ్మకి కూడా ఒక పంజరం దక్కింది. ఆమె మొగుడు నిక్షేపంగా బతికే ఉన్నాడు గాని, పాపం ఆ సమయానికి ఇంట్లో లేడట.

"ఆరు వారాల వయసుకి గుడ్డెట్టడం మొదలెడతాయి," అని గవరయ్య బల్ల మీద నిలబడి చెప్పాడు. "ఎట్టకపోతే తప్పు పిట్టది కాదు, పెంచిన మనిషిది. అలాటోళ్ల కాడ్నించి పంజరం తీసేసి శ్రద్ధున్నోళ్లకి ఇస్తాం."

శ్రద్ధ ఉన్నవాళ్లెవరో బస్తీలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

మొగుడు బంగారయ్య పోయినప్పటి నుంచి సన్యాసమ్మప్ప ఇళ్లల్లో అంట్లు తోముతోంది. చలికాలం వస్తే ఆమె వేళ్లు పగిలి నెత్తురు కారతాయి. ఉడకబెట్టిన గుడ్లు డాకు గేటు దగ్గర అమ్ముకుంటే ఆ బూడిద నీళ్ల బాధ వదులుతుందని ఆమె ఆశ.

పిట్టల్ని ఎలా పెంచాలని గవరయ్యనే అడిగింది.

"ఊళ్లో కోడిపెట్టనేటి సేస్తారు? గంప కింద మూస్తారు. ఇవీ అంతే. కన్నెపిట్టలు కదప్పా, సిగ్గు పడతాయి. సీకట్లో ఉంచు."

సిగ్గు గురించి ఇంత వివరంగా చెప్పగలవాడు మా పేటలో గవరయ్య ఒక్కడే.

ఆమె కిటికీ లేని గదిలో పంజరం మీద గంప బోర్లించి, పైన గోనె కప్పింది. పొద్దున్నే ఒక్కొక్క పిట్టనీ పట్టుకుని, ఊళ్లో కోడిపెట్టలకి చూసినట్టే, గుడ్డు ఉందా అని వేలితో తడిమేది. అవి కీచుమని ఎగిరి తల వలకి కొట్టుకునేవి. వాటికి ఆరు వారాలు నిండాయి, ఎనిమిదీ నిండాయి. గుడ్డు లేదు. కార్తీకం వచ్చేసింది.

గవరయ్య వచ్చి గోనె ఎత్తి చూశాడు.

"ఏటప్పా, గుడ్లేవి? నువ్వే మింగేస్తన్నావేటి?"

"ఎడితే కదా మింగడానికి. నువ్వు సెప్పినట్టే మూసి ఉంచాను బావూ."

"మూస్తే సాలదు. నమ్మకం ఉండాల. అమాస ఎల్లగానే పంజరం పట్టికెళ్లిపోతాం."

"నమ్మకం నాకుండాలా, పిట్టకుండాలా?"

దేవుణ్ణి నమ్మొద్దని మైకులో చెప్పే మనిషి గుడ్డు దగ్గరికొచ్చేసరికి నమ్మకం అడుగుతున్నాడు. ఆమె ప్రశ్న నాకు నచ్చింది. అతను గోనె మళ్లీ కప్పేసి వెళ్లిపోయాడు.

మర్నాడు చూస్తే పందికొక్కు వల సందులోంచి ఒక పిట్ట కాలు లాగేసింది. సన్యాసమ్మప్ప పంజరం ఎత్తుకుని ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. మా వరండాలో పందికొక్కు అందుకోలేని ఎత్తు ఒకటే ఉంది, దేవుడి గూటి కింద అరుగు. మా ఆవిడ కామాక్షమ్మ నన్ను లోపలికి పిలిచింది.

"కార్తీకంలో ఉల్లిపాయ ముట్టుకోం, గూటి కింద గుడ్డు పడితే ఏటి గతి?"

"అవి గుడ్డు పెడతాయని నీకు నమ్మకముందా?"

"నాకేం లేదు."

"మరి మైల ఎక్కణ్నించి వస్తుంది?"

ఆమె పెదవి విరిచి ఒప్పుకుంది. దేవుడి ముందు గోనె ఏమిటని మాత్రం గోనెనీ గంపనీ తీసి అవతల పారేసింది.

ఆ నెలంతా కామాక్షమ్మ తెల్లవారక ముందే స్నానం చేసి, గూటి ముందు బల్బు వేసి దీపం పెడుతుంది. చీకటి పడబోతుంటే మళ్లీ బల్బు వేస్తుంది. నేను పురాణం చదవడం ముగించి పడుకోబోయేదాకా అది వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుతురంతా పిట్టల మీద పడేది. అవి మేత తింటూ, నా పురాణానికి మధ్యలో ఊ కొడుతూ కూర్చునేవి.

పౌర్ణమి వెళ్లిన కొద్ది రోజులకి, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి, కామాక్షమ్మ దీపం చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. పంజరం అంచున ఉసిరికాయంత గుడ్డు, మీద నల్ల మచ్చలు. పొద్దున తడిమితే ఏం దొరుకుతుంది? ఇవి సాయంకాలం పెట్టే రకం.

"మైల అంటావా?" అన్నాను.

"అప్పని పిలవండి ముందు," అంది.

అమావాస్య వెళ్లింది. గవరయ్య ఇద్దరు మనుషులతో పంజరం కోసం వచ్చాడు. గిన్నెడు గుడ్లు చూసి, ముఖం మార్చుకోవడానికి కావలసినంత సేపు దగ్గాడు.

"నే సెప్పలేదేటి? అన్నాళ్లు సీకట్లో ఉంచబట్టే లోపల తయారైనాయి."

"అలాగా బావూ," అంది సన్యాసమ్మప్ప. "మీ జగ్గమ్మ పిట్టలు ఇంకా గంప కిందే ఉన్నాయి కదా, వాటికి సిగ్గు తీరలేదేటి?"

అతని వెంట వచ్చిన మనుషులే ముందు నవ్వారు. పంజరం కదల్లేదు.

పగలు పొడుగ్గా ఉంటే తప్ప ఇవి గుడ్డు పెట్టవని, చలికాలం బల్బు వెయ్యాల్సిందేనని మేత అమ్మే బెంగాలీ అతను తరవాత నాకు చెప్పాడు. అయితే ఇది దేవుడి మహిమా, బల్బు మహిమా? బల్బు దేవుడి కోసం వేసిందే కదా. ఇది కూడా పూజారిగారికి తీరిక ఉన్నప్పుడు అడగాలి.

ఆ సాయంత్రం సన్యాసమ్మప్ప వరండాలో కూర్చుని, "నెల పొడుగూ మీ కరెంటు ఎలిగింది. ఏటియ్యమంటావు తమ్ముడా?" అంది.

"దేవుడి దీపం వెలుగుకి ఎవరైనా తిరిగి పుచ్చుకుంటారా అప్పా? కళ్లు పోవూ?"

ఆమె నా వైపు చూసి, పగిలిన వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అలాగైతే ఎవరో ఒకళ్లు పుచ్చుకోవాల కదా. నా సీసా ఇలా తే."

కామాక్షమ్మ అలమారులోంచి ఆ పాత సీసా తీసింది. మెడ దాకా నువ్వుల నూనె పోసి ఇచ్చాను. సన్యాసమ్మప్ప బల్బుకి ఎదురుగా పట్టి చూసింది. ఇంకొంచెం పొయ్యమంది, పోశాను. మూత బిగించి, సీసా చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.