గుట్ట కడుపులో మంచు

నేను ఒక మంచుగడ్డను. గ్లాసులో తేలే రకం కాదు. కెనడా ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున ఒక గుట్ట కడుపులో ఉంటాను. నిజానికి ఆ గుట్టను పైకెత్తింది నేనే. ఈ సంగతి మనుషులకు తెలియక నా ప్రాణం మీదికి వచ్చింది.

వేల ఏళ్ల కిందట ఇక్కడ పైన బంకమట్టి, కింద తడి ఇసుక ఉండేవి. చలి పైనుంచి మట్టిని గడ్డకట్టిస్తూ మెల్లగా దిగింది. బంకమట్టి అడుగుకు చేరేసరికి ఇసుకలోని నీళ్లు పైకి ఎగబాకి, అక్కడే పొర మీద పొరగా గడ్డకట్టసాగాయి. నీళ్లూ ఆగలేదు, చలీ ఆగలేదు. అలా తాటిచెట్టంత మందాన పెరిగాను. నా మీది నేలంతా నాతోపాటే లేచింది. అన్నిటికన్నా పైన కాస్త గులకరాయి, దాని మీద నాచు. వేసవిలో ఎండ నా దాకా రాకుండా ఆపేది ఆ నాచే.

కిందటి వేసవిలో రోడ్డు వేసేవాళ్లు గులకరాయి వెతుక్కుంటూ వచ్చారు. రెండు మీటర్లు బోరు దించి, గులకరాయి తగలగానే గుట్టంతా గులకరాయే అని రాసేసుకున్నారు. కావలసింది దొరికాక మనుషులు ఇంకా కిందికి చూడరు. నాచు గీకేయడానికి బుల్డోజర్ కూడా తెచ్చి నిలబెట్టారు. నాచు పోతే నేను కరుగుతాను. నేను కరిగితే గుట్ట జారి, కింద ఉన్న ఆగ్నెస్ ఇంటి మీద పడుతుంది. చెబుదామంటే నాకు నోరు లేదు.

ఆగ్నెస్ చేపలు పట్టి బతికే ముసలావిడ. నాచు గీకాల్సిన రోజు పొద్దున రొప్పుతూ గుట్టెక్కి వచ్చింది. బోరు మిషన్ నడిపే రూబెన్ ఆమె మేనల్లుడే.

"ఒరే, ఇంకో నాలుగు మీటర్లు దించరా."

"చూసేశాం అత్తా. అంతా గులకరాయే."

"మొన్న సముద్రం వైపు అంచు విరిగినప్పుడు లోపల తెల్లగా మెరవడం నా కళ్లతో చూశాను. బద్ధకం నీ మిషన్‌కా, నీకా?"

రూబెన్ గొణుక్కుంటూనే దించాడు. మూడో మీటరు దాటగానే రాళ్ల గరగర ఆగిపోయింది. గొట్టంలో కాస్త బంకమట్టి, దాని వెనకే నా ముక్క ఒకటి పైకి వచ్చింది. ఇంకో పది మీటర్లు దించినా మంచే. ఇంజనీరు పరుగున వచ్చి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"దీని జోలికి పోవద్దు. మిషన్లు తిప్పేయండి," అన్నాడు.

అమ్మయ్య! బుల్డోజర్ వచ్చిన దారినే వెళ్లిపోయింది. రూబెన్ బోరు గుంత పూడ్చి, నాచు పెళ్లను మళ్లీ పరిచి, బూటుతో అదిమాడు.

ఆ ముక్కను ఆగ్నెస్ ఇంటికి పట్టుకుపోయి కెటిల్‌లో వేసింది. అత్తా అల్లుడూ గుమ్మంలో కూర్చుని టీ తాగారు. కరగడమంటే నాకు ఇప్పటికీ హడలే. కానీ ఆ ఇంటి పొయ్యి మీద, ఇద్దరికి టీ అయ్యేంత మటుకు కరగడం నాకు ఇష్టంగానే ఉంది.