వేలు పట్టేంత సందు

"బండ జోలికి పోవద్దు చెల్లీ, ఇల్లే దానికి ఒదిగి కూర్చుంటుంది" అని కోతలు కోసి మరీ, కొండవాలులో ఉన్న ఏనుగంత బండను హాల్లోనే ఉంచి ఇల్లు కట్టాడు ఆర్కిటెక్ట్ అన్నయ్య. గచ్చుకు తగలకుండా చుట్టూ వేలు పట్టేంత సందు వదిలాడు.

వారం రోజులు వాన దంచికొట్టాక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, కిందివైపు సందు కనపడట్లేదేంటి?"

"చెత్త పడుంటుందిలే" అంటూనే పరుగున వచ్చి వేలు పెట్టాడు. దూరలేదు. గచ్చు అంచు నలిగి పిండయింది. పైవైపు సందులో పెడితే పిడికిలే పట్టింది.

బండకు దిగువ గదిలో పిల్లలు గెంతుతున్నారు.

"చెల్లీ," అన్నాడు, "పిల్లల్ని మెల్లగా బయటికి నడిపించు. తలుపు మాత్రం గట్టిగా వేయకు."